బస్తా అంటే ఎన్ని కిలోలు? పరిశోధన లెక్కలపై పాఠకుల ప్రశ్నలు

ప్రభుత్వ డబ్బుతో నడిచే పరిశోధన పథకాలు ఫలితమిచ్చాయో లేదో తేల్చాలంటే, ముందు అందరూ ఒకే తీరున సమాచారం రాసుకోవాలి. ఆ రాసుకోవడంలో ఎదురయ్యే చిక్కుల మీద ప్రశ్నలు పంపమని అడిగాం. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల నుంచే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. ఒకే సంగతి అడిగినవి కలిపేశాం.

ప్ర: మా ఊళ్లో వరి, మిరప ప్రదర్శన క్షేత్రాలు వేయించారు. కోతలయ్యాక ఒకాయన వచ్చి ఎన్ని బస్తాలో అడిగి రాసుకుపోయారు. నెల తర్వాత ఇంకొకరొచ్చి క్వింటాళ్లలో చెప్పమన్నారు. తీరా చూస్తే రెండు కాయితాల్లో రెండు దిగుబడులు. నేను రెండుసార్లూ ఉన్నదే చెప్పాను. తేడా ఎక్కడొచ్చిందండీ?
— రైతు, పొన్నూరు మండలం

జ: మీరు ఉన్నదే చెప్పారు, వాళ్లు విన్నదే రాశారు. తప్పంతా ఫారంలో ఉంది. 'దిగుబడి' అని ఒక్క గడి గీసి వదిలేస్తే ఎంత నేల, ఏ కొలత, ఎంత తేమ, ఏ సరుకు అన్న నాలుగు సంగతులూ అందులో కలిసిపోతాయి.

ముందు వరి చూద్దాం. మన డెల్టాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. అది నోటి లెక్క. కల్లంలో నింపిన గోనె సంచిలో అంత ఉండదు. మీరు సంచులు చెప్పి, రాసుకునేవారు 75తో హెచ్చవేస్తే దిగుబడి ఒక్కసారిగా పెరిగిపోతుంది. అందుకని సంచుల సంఖ్యకు ఒక గడి, వాటిలో 5 సంచులు తూచి చూసిన సగటు బరువుకు ఇంకో గడి ఉండాలి. హెచ్చవేత పొలం గట్టు మీద ఎవరూ చేయకూడదు. అది తర్వాత కంప్యూటర్ చూసుకుంటుంది.

తేమ సంగతి ఇంకా పెద్దది. పరిశోధన లెక్కల్లో ధాన్యం బరువును మామూలుగా 14 శాతం తేమకు సరిచేస్తారు. తూచిన బరువును 100లోంచి ఉన్న తేమ తీసివేయగా వచ్చినదానితో హెచ్చవేసి 86తో భాగించాలి. 5 మీటర్లు పొడవు, 5 మీటర్లు వెడల్పున్న కోత గడిలో (పొలంలో నమూనాగా కోసి తూచే చోటు) 16 కిలోలు వచ్చాయనుకోండి, తేమ 20 శాతం. 16 × 80 ÷ 86 = 14.88 కిలోలు. ఎకరాలో అలాంటి గడులు 161.87 పడతాయి. అంటే 2,409 కిలోలు, 32 బస్తాల పైన కాస్త. తేమ చూడకుండా రాస్తే 2,590 కిలోలు, ముప్ఫై నాలుగున్నర బస్తాలు! ఎకరాకు రెండు బస్తాల పైచిలుకు తేడా తేమ మీటరు తేకపోవడం వల్లే వచ్చింది. కొత్త వంగడం పాతదాన్ని మించిందని చాటుకోవడానికి ఆ రెండు బస్తాలు చాలు.

పొలంలో ఈ కోత గడి గీయడంలోనూ మోసం జరుగుతుంది, చాలాసార్లు తెలియకుండానే. నాలుగు మేకులు పాతి తాడు చుట్టగానే చదరం అయిపోదు. ఎదురెదురు మూలల మధ్య టేపు పట్టి చూడండి, రెండు వైపులా 7.07 మీటర్లు రావాలి. టేపు వదులుగా పట్టి ప్రతి భుజం 10 సెంటీమీటర్లు పెరిగినా గడి 26 చదరపు మీటర్లు అవుతుంది, దిగుబడి 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. గీత మీద పడ్డ దుబ్బుల్లో మొదలు లోపల ఉన్నవే లెక్క. గడి ఎక్కడ వేయాలో చీటీ తీసి వచ్చిన అడుగుల ప్రకారం పోవాలి తప్ప, పైరు బాగున్నచోటు చూసి మేకు దించకూడదు.

మిరప దగ్గర బరువు ఒక్కరోజులో తేలదు. ఎన్ని కోతలు కోస్తే అన్నిసార్లూ తూచాలి. ఆఖరి కోత అయ్యాక వెళ్లి మొత్తం ఎంతని అడిగితే మొదటి కోత ఎవరికీ గుర్తుండదు. టిక్కీల్లో (మిరప బస్తాల్లో) చెబితే అదీ తూకమే: తొక్కి కుట్టినదాన్ని బట్టి 40 కిలోలకు అటూ ఇటూ ఊగుతుంది. ఫారంలో 'ఎండు కాయ, తాలు తీశాక' అని గడి మీదే రాసి ఉండాలి, తాలుకు వేరే గడి ఉండాలి. కూలి కిలో లెక్కన ఇచ్చే ఊళ్లలో మేస్త్రీ దగ్గరుండే కోత పుస్తకం చూడండి. అది పచ్చి బరువు. సేకరించిన అంకె నిజమో కాదో సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి కాయితం దొరకదు.

ప్రదర్శన క్షేత్రంతో పోల్చి చూసే పక్క పొలాన్ని కోతలప్పుడు వెతక్కూడదు. నాట్ల ముందే, అదే నేల, అదే నీరు, అదే వారంలో నాటేది చూసి పేరు రాసిపెట్టుకోవాలి. కోతలప్పుడు వెతికితే చేతికి చిక్కేది పాడైన పొలమే!

ప్ర: ప్రాజెక్టు అసిస్టెంటుగా చేస్తున్నాను. నిధులిచ్చే శాఖకు ఒక ఫారం, విశ్వవిద్యాలయానికి ఇంకొకటి, ఆడిట్‌కు మరొకటి. అడిగేది ఒకటే, గడులు వేరు. ఏడాదిలో రెండు నెలలు దీనికే పోతోంది. ఒక్కసారి రాసి అందరికీ ఇచ్చే దారి ఉందా?
— గుంటూరు

జ: ఉంది. ఫారాలను వదిలేసి, వాటి వెనకాల ఉండే ఐదు పట్టికలు తయారు చేసుకోండి: ప్రాజెక్టు, మనుషులు, డబ్బు, ఫలితాలు, చోటు. ఐదింటినీ కలిపేది ప్రాజెక్టు గుర్తింపు సంఖ్య ఒక్కటే. ఎవరు ఏ ఫారం పంపినా వీటిలోంచి తీసి నింపడమే.

గుర్తింపు సంఖ్యగా మంజూరు ఉత్తర్వు నంబరు వాడుకోవద్దు. దాంట్లో ఏటవాలు గీతలు, అడ్డగీతలు, ఖాళీలు ఉంటాయి, ఒక్కొక్కరు ఒక్కోలా కొడతారు. పైగా గడువు పొడిగిస్తే కొత్త ఉత్తర్వు వస్తుంది, ఒకే ప్రాజెక్టు రెండుగా లెక్కలోకి పోతుంది. మీరే చిన్న సంఖ్య ఇచ్చుకోండి, ఉత్తర్వు నంబర్లన్నీ దాని కింద రాసుకోండి. ఇంకో మాట: ఎక్సెల్‌లో 3-12 అని కొడితే తేదీ అయిపోతుంది, 014 అని కొడితే 14 అయిపోతుంది. ఆ నిలువు వరసను కొట్టే ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. కొట్టాక మారిస్తే ఎగిరిపోయిన సున్నా తిరిగి రాదు.

సంవత్సరం రాయకండి, తేదీ రాయండి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి, వ్యవసాయ సంవత్సరం జులై నుంచి జూన్, పరిశోధన పత్రాలకు జనవరి నుంచి డిసెంబరు. 2024 మే నెలలో పెట్టిన ఖర్చు డబ్బు లెక్కలో 2024-25, పంట లెక్కలో 2023-24. ఏడాది అని ఒక గడి పెడితే ఎవరి ఏడాది అన్నది రాసినవారితోపాటే బదిలీ అయిపోతుంది. తేదీని 2024-05-12 అన్న వరసలో, ఏడాది ముందు పెట్టి రాస్తే కలగలపకుండా వరసలో నిలుస్తాయి.

వీటికి తోడు నిర్వచనాల పట్టిక ఒకటి ఉండాలి. ఒక్కో గడికి ఒక్కో వరస: ఆ మాటకు అర్థం, కొలత, ఏ కాయితం చూసి నింపాలి, ఎవరు, ఎప్పుడు. అర్థం మార్చాల్సి వస్తే పాత గడిని దిద్దవద్దు, కొత్త గడి తెరిచి తేదీ వేయండి. 'లబ్ధిదారులు' అన్న గడిలో మొదటి రెండేళ్లు శిక్షణకు వచ్చినవారిని, మూడో ఏడు కరపత్రం అందుకున్నవారిని రాస్తే, బొమ్మ గీసినప్పుడు గీత నిట్టనిలువుగా లేస్తుంది. దాన్ని చూసి సంబరపడే అధికారులూ ఉంటారు.

కొత్తగా అడగడం కన్నా ఉన్న కాయితం వాడుకోవడం మేలన్న పద్ధతి వేరేచోట్లా నడిచింది. అమెరికాలో 2010లో మొదలైన స్టార్ మెట్రిక్స్ అన్న ప్రభుత్వ కార్యక్రమం శాస్త్రవేత్తల చేత కొత్త నివేదికలు రాయించలేదు. సంస్థల జీతాల, ఖర్చుల ఖాతాల్లోంచే ఏ గ్రాంటు మీద ఎవరు పనిచేశారో తీసుకుంది. మీ దగ్గరా ప్రాజెక్టులో ఎంతమంది ఉన్నారన్నది శాస్త్రవేత్తను అడగకండి, జీతాల రిజిస్టరు చూడండి. ఎవరికి జీతమందిందో అది చెబుతుంది. వాళ్లు కనుక్కున్నదేమిటో చెప్పదు, దానికి ఫలితాల పట్టికే దిక్కు.

ప్ర: మంజూరు, విడుదల, ఖర్చు. ప్రాజెక్టు విలువ అని అడిగినప్పుడు ఏది రాయాలి?
— అకౌంట్స్ విభాగం, విజయవాడ

జ: మూడూ రాయాలి, మూడు గడుల్లో. 30 లక్షలు మంజూరై, 24 లక్షలు విడుదలై, 21 లక్షల 60 వేలు ఖర్చయిన ప్రాజెక్టును ఒకరు 30 అని, ఇంకొకరు 21.6 అని రాస్తే ఫలితానికి అయిన ఖర్చు లెక్క ఎందుకూ పనికిరాదు. మూల్యాంకనానికి కావాల్సింది ఖర్చే. జీఎఫ్ఆర్ (కేంద్రం వారి సాధారణ ఆర్థిక నియమాలు) 12-ఎ వినియోగ ధ్రువపత్రంలో ఉన్న అంకెకు అది సరిపోవాలి, ఆడిట్ అయ్యాక మారితే తేదీతో మార్చాలి. బ్యాంకు వడ్డీని ఖర్చులో కలపకండి, అది ప్రభుత్వానికి తిరిగి కట్టాల్సిన డబ్బు. పరికరాలకు వేరే గడి పెట్టండి. ఒక ప్రాజెక్టు డబ్బుతో కొన్న యంత్రాన్ని నాలుగు ప్రాజెక్టులు వాడుకుంటుంటే, కొన్నది ఖరీదైనదిగా, మిగతా మూడూ చౌకగా కనిపిస్తాయి. యంత్రం దగ్గర వాడకం పుస్తకం పెట్టి గంటలు రాయిస్తే ఆ గోల తీరుతుంది.

ప్ర: ఒకే పేరున్న ఇద్దరు పరిశోధకుల పత్రాలు కలిసిపోయాయి. ఇంకొకరి పత్రాలేమో ముగ్గురివిగా విడిపోయాయి. పాత పత్రాల్లో సంస్థ పేర్లు కూడా రకరకాలుగా ఉన్నాయి. వీటిని ఎలా సరిచేయాలి?
— పరిశోధక విద్యార్థిని, బాపట్ల

జ: మన పేర్లతో ఈ బాధ తప్పదు. ఇంటిపేరు ముందు పెడతాం, పత్రికలు దాన్ని వెనక్కి తిప్పుతాయి. ఒక పత్రంలో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తి ఇంటిపేరు. శ్రీనివాసరావు ఒకచోట ఒకే ముక్క, ఇంకోచోట రెండు ముక్కలు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవారి సంగతి సరేసరి. పేరు మీద ఆధారపడటం మానేసి ఆర్కిడ్ నంబరు తీసుకోండి. పువ్వు కాదు లెండి, 2012 నుంచి పరిశోధకులకు ఉచితంగా ఇస్తున్న 16 స్థానాల గుర్తింపు సంఖ్య. నాలుగేసి అంకెల చొప్పున నాలుగు గుంపులుంటాయి, చివరి స్థానంలో అంకెకు బదులు 'ఎక్స్' అక్షరం రావచ్చు. అది తప్పు అనుకుని కొట్టేసేవాళ్లున్నారు, అలాగే ఉంచండి. పత్రాలకు డీఓఐ (ప్రతి పత్రానికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) చాలు, శీర్షిక కొట్టి వెతకాల్సిన పని లేదు.

సంస్థల పేర్లకు ఇంకాస్త ఓపిక కావాలి. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టుకుంది. 2005లో పశువైద్యం, 2007లో ఉద్యానం విడిపోయి సొంత విశ్వవిద్యాలయాలయ్యాయి. 2014లో తెలంగాణ భాగం విడిగా వెళ్లింది. ఇన్ని మార్పుల మధ్య పత్రం మీద 'లాం, గుంటూరు' అని మాత్రమే ఉంటే దేనికి చెందుతుంది? లాం ఫారంలో వ్యవసాయ పరిశోధన స్థానమూ ఉంది, ఉద్యాన పరిశోధన స్థానమూ ఉంది, పశు పరిశోధన స్థానమూ ఉంది. మూడింటికీ మూడు విశ్వవిద్యాలయాలు. కాబట్టి 'లాం' అన్నది చోటు పేరే తప్ప సంస్థ పేరు కాదు. సంస్థల పట్టికలో ప్రతి పేరుకూ మొదలైన తేదీ, ముగిసిన తేదీ రాసి, పత్రం వచ్చిన తేదీని బట్టి కలపండి. పాత పత్రాల మీద కొత్త పేరు వేసి 'శుభ్రం' చేయకండి. అప్పుడు 1990ల నాటి మిరప పరిశోధన పుట్టని విశ్వవిద్యాలయం ఖాతాలో పడుతుంది!

ప్ర: 2022కు ముందు, తర్వాత జిల్లాల వారీ అంకెలు పోల్చమన్నారు. పోలిక కుదరడం లేదు.
— గణాంక విభాగం ఉద్యోగి

జ: కుదరదు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లాలోంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. బాపట్ల జిల్లాలోకేమో పాత ప్రకాశంలోని చీరాల వైపు కూడా వచ్చింది. అంటే ఇప్పటి గుంటూరు, పల్నాడు, బాపట్ల మూడూ కూడినా పాత గుంటూరు రాదు. ప్రతి నమోదుకూ గ్రామం కోడ్ పెట్టండి, కేంద్రం వారి స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో దొరుకుతుంది. జిల్లాను చేత్తో కొట్టకండి, గ్రామం కోడ్ నుంచి పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ తెప్పించుకోండి. రెవెన్యూ గ్రామం కోడ్, పంచాయతీ కోడ్ వేరువేరు, ఏది వాడుతున్నారో నిర్వచనాల పట్టికలో రాయండి.

విజయవాడ వాళ్లకు ఒక మాట. కానూరు, పోరంకి కాలేజీల వాళ్లు చిరునామాలో విజయవాడ అని రాస్తారు, తపాలాకు ఇబ్బంది లేదు. కానీ అవి పెనమలూరు మండలం, కృష్ణా జిల్లా. విజయవాడ నగరం ఎన్టీఆర్ జిల్లా. ఊరి పేరు చూసి జిల్లా వేసేస్తే ఆ కాలేజీల ప్రాజెక్టులన్నీ పక్క జిల్లాకు పోతాయి.

ప్ర: కొత్త వంగడం రైతుల చేత వేయించి చూపించడం పరిశోధన కిందకు వస్తుందా? మా నివేదికలో అన్నీ పరిశోధన అనే రాస్తున్నారు.

జ: విడుదలైన వంగడాన్ని చూపించడం విస్తరణ, అంటే తేలిన సంగతిని రైతులకు చేర్చే పని. ఈ గీత గీయడానికి చాలా దేశాలు వాడేది ఆర్థిక సహకారానికి ఏర్పడ్డ దేశాల కూటమి ఓఈసీడీ వారి ఫ్రాస్కాటి మాన్యువల్. 2015 కూర్పు ఐదు గుణాలు అడుగుతుంది: కొత్తదై ఉండాలి, సృజన ఉండాలి, ఫలితం ముందే తెలియకూడదు, ఒక పద్ధతిలో సాగాలి, ఇంకొకరు చేసి చూసుకునేలా ఉండాలి. మట్టి నమూనాలకు రోజువారీ పరీక్షలు చేయడం పరిశోధన కాదు. పరీక్ష చేసే కొత్త పద్ధతి కనిపెట్టడానికి చేసే పని పరిశోధన. ఒకే ప్రాజెక్టులో రెండూ ఉంటే ఖర్చును రెండు వరసలుగా రాయండి. విస్తరణ తక్కువ పనేమీ కాదు, దానికి వేరే కొలబద్ద కావాలి, అంతే.

ప్ర: కోట్లు ఖర్చుపెట్టి చివరికి పత్రాల సంఖ్య చూపిస్తారు. రైతుకు ఏమొరిగిందో కొలవలేరా?
— రిటైర్డ్ లెక్చరర్, విజయవాడ

జ: కొలవచ్చు, మూడేళ్లలో కాదు. బాపట్లలో తయారైన బీపీటీ 5204, మనం సాంబ మసూరి అనేది, 1986లో విడుదలైంది. ఇప్పటికీ వేస్తున్నారు, తింటున్నారు. దాని మీద పెట్టిన డబ్బుకు 1989లో లెక్క తీసి ఉంటే ఏం తేలేది? అందుకని ప్రాజెక్టు ముగిసిన రోజున ఖాతా మూసేయకూడదు. మొదటి ఏడు పత్రాలు, శిక్షణలు. మూడు నుంచి ఐదేళ్లకు విత్తనం ఎంత అమ్ముడైంది. పదేళ్లకు ఎన్ని ఎకరాల్లో ఉంది. గుర్తింపు సంఖ్య అదే ఉండాలి, ఎప్పుడు మళ్లీ చూడాలో మంజూరు నాడే రాసుకోవాలి.

విత్తనం అమ్మకం నుంచి ఎకరాలు తీయడం తేలికే. నాట్లు వేసే వరికి ఎకరాకు 20 నుంచి 25 కిలోలు, అంటే 100 క్వింటాళ్లు 400 నుంచి 500 ఎకరాలు. కానీ అది కనీసపు లెక్క. సొంత విత్తనం దాచుకున్నవాళ్లు, పక్కింటి నుంచి తెచ్చుకున్నవాళ్లు ఇందులోకి రారు. పొలానికి వెళ్లి అడిగితే ఒకరు సాంబ అంటారు, ఒకరు బీపీటీ అంటారు, ఒకరు 5204 అంటారు. మూడూ ఒకటేనని మారుపేర్ల పట్టికలో ముందే ఉండాలి. ఉంటే సంచి ట్యాగ్ ఫోటో తీసుకోండి. ధ్రువీకరణ విత్తనానికి నీలం ట్యాగ్, ఫౌండేషన్‌కు తెలుపు, బ్రీడర్‌కు బంగారు పసుపు.

ఘనత పంచుకోవడం దగ్గర మాత్రం తకరారు వస్తుంది. ఎండాకు తెగులు తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తయారు చేశాయి, 2008లో విడుదలైంది. తల్లి బాపట్లది. ముగ్గురూ తమ నివేదికల్లో ఒక్కొక్క వంగడం చొప్పున రాసుకుంటే రాష్ట్రాల మొత్తంలో మూడు వంగడాలు పుడతాయి. ఎవరి వాటా ఎంతని తగవు పడొద్దు. వంగడాన్ని ఫలితాల పట్టికలో ఒకే వరసగా రాసి, దానికి తల్లినిచ్చింది ఎవరు, జన్యువులు ఎక్కించింది ఎవరు అని పక్క పట్టికలో కలపండి. మొత్తం తీసేది ఫలితాల పట్టిక నుంచే.

పత్రాలు అసలు వద్దని కాదు. పత్రిక పేరును బట్టి పత్రానికి మార్కులు వేయొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన చెబుతోంది. మన ఫారాల్లో ఇప్పటికీ పత్రిక స్థాయిని చూపే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గడి ఉంది. అది నింపమంటే నింపండి, కూడికల్లో వాడకండి.

చిన్న ప్రశ్నలు

ఖాళీ వదిలితే సున్నా కిందే లెక్కా? కాదు. కొలిచాం, ఏమీ రాలేదు అంటే 0. కొలవలేదు, వర్తించదు, చెప్పలేదు — ఈ మూడింటికీ మూడు గుర్తులు పెట్టుకోండి. 99 లాంటి అంకెలు గుర్తుగా వాడొద్దు, సగటులో కలిసిపోతాయి. వానకు పైరు పోయిన పొలం 0, వెళ్లి చూడని పొలం 0 కాదు.

నాలుగు శిక్షణలకు 40 మంది చొప్పున వచ్చారు. 160 మందా? 160 హాజరులు. మనుషులు 40 కావచ్చు, 110 కావచ్చు. రెండూ వేరే గడుల్లో రాయండి. మనిషిని గుర్తుపట్టడానికి ఆధార్ నంబరు రాసుకోవద్దు, మీరే ఒక సంఖ్య ఇవ్వండి. పేరు, ఫోను ఉన్న జాబితా వేరే ఫైల్లో తాళం వేసి ఉంచండి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, ఎందుకు అడుగుతున్నారో తెలుగులో చెప్పి ఒప్పుకోలు తీసుకోండి.

కాయితమా, ఫోనా? సిగ్నల్ లేకున్నా పనిచేసే ఓడీకే, కోబో లాంటి ఫారం నింపే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. తేమ గడిలో 8 కన్నా తక్కువ, 30 కన్నా ఎక్కువ కొడితే మళ్లీ అడిగేలా పెట్టండి, చుక్క మరిచి 14.2ను 142గా కొట్టడం అక్కడే ఆగుతుంది. ఐదుగురు రైతుల దగ్గర ఇద్దరు వేర్వేరుగా నింపి చూసి, జవాబులు కలవని ప్రశ్నను తిరగరాశాకే మిగతా ఊళ్లకు పంపండి.